‘బై ద టైమ్’ దగ్గర తడబడే నర్సులకు: బ్రాడీపేట ఓఈటీ క్లాసు గురించి నా మాట

ఓఈటీ (వైద్య వృత్తుల వాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) రైటింగ్ కోసం గుంటూరులో ఎక్కడ చేరాలని మా హాస్పిటల్లో జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను. బ్రాడీపేటలో ఒక మేడమ్ వాళ్లింటి పైఅంతస్తులో చెప్పే క్లాసులో నేను బ్యాచ్ మొత్తం చదివాను. శంకర్ విలాస్ సెంటర్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. గేటు మీద బోర్డు ఉండదు. ఫీజు 6,000 రూపాయలు, రెండు విడతల్లో కట్టనిస్తారు. శని, ఆదివారాల్లో సాయంత్రం 5.30కి మొదలై 7.30 దాకా జరుగుతుంది. రైటింగ్ కోసమైతే ఇంకేం ఆలోచించకుండా చేరండి. స్పీకింగ్ కోసమైతే మాత్రం కింద రాసింది చదివి మీరే తేల్చుకోండి.

కొత్తవాళ్ల కోసం ఓఈటీ గురించి నాలుగు మాటలు. ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్ అని దాని పూర్తి పేరు. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ యూనివర్సిటీకి చెందిన టిమ్ మెక్‌నమారా దీన్ని తయారుచేశారు. ఇప్పుడు 12 వైద్య వృత్తుల వాళ్లు దీన్ని రాస్తున్నారు. బ్రిటన్లో నర్సుగా పేరు నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 చొప్పున, రైటింగ్‌లో 300 అడుగుతుంది. రైటింగ్‌కి 50 తక్కువే కదా అని దాన్ని వెనక్కి నెట్టేస్తారు మనవాళ్లు. నేను చూసినంతలో ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే.

రైటింగ్ మొత్తం 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు కేస్ నోట్సు చదువుకోవడానికే, రాయడానికి లేదు. తర్వాత 40 నిమిషాల్లో 180 నుంచి 200 పదాల్లో ఉత్తరం రాయాలి. రిఫరల్ కావచ్చు, ట్రాన్స్‌ఫర్ కావచ్చు, డిశ్చార్జి కావచ్చు. ఇచ్చిన నోట్సులో పూర్తి వాక్యాలుండవు. మన కేస్ షీటులో లాగే టైము, పక్కన రెండు మాటలు, కింద ఇంకో టైము, ఇంకో రెండు మాటలు. వాటిని కలిపి, ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో పేషెంటును ఎన్నడూ చూడని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. నర్సు ఉత్తరంలో టైము తారుమారైతే జబ్బు కథే మారిపోతుంది. ఈ క్లాసు గొప్పతనం ఇక్కడే ఉంది. మేడమ్ గ్రామర్ని గ్రామర్‌గా చెప్పరు. వార్డులో టైము ఎలా నడుస్తుందో చూపించి, దానికి ఇంగ్లీషు తొడుగుతారు.

ఆవిడ గుంటూరులోనే నర్సింగ్ ట్యూటరుగా చేసి, తర్వాత కొన్నేళ్లు ఐర్లాండులో ముసలివాళ్ల వార్డులో పనిచేసి తిరిగొచ్చారు. అందుకే ఆవిడ చెప్పే ఉదాహరణల్లో రాముడు బడికి వెళ్లడం, సీత పుస్తకం చదవడం ఉండవు. సెలైన్లు, డ్రెస్సింగులు, సాచురేషన్లు (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఉంటాయి.

‘బై ద టైమ్’ (మన ‘వచ్చేసరికి’, ‘అయ్యేసరికి’ లాంటిది) ఒక్కదానికే శని, ఆదివారాలు రెండూ పెట్టేశారు. మొదట మాలో కొంతమందికి విసుగేసింది. పరీక్ష నెత్తిమీద ఉంటే ఒక్క మాటకు రెండు సాయంత్రాలా అని పక్కనున్నావిడ గొణిగింది కూడా. శనివారం క్లాసు సగం అయ్యేసరికే ఆవిడ నోట్సు రాసుకోవడంలో మునిగిపోయింది.

మేడమ్ బోర్డు మీద ఒక కేస్ నోట్సు వేశారు. రాత్రి 10.00, ఛాతీలో నొప్పి అన్నారు. 10.10, బీపీ చూశాం, ఈసీజీ తీశాం. 10.15, డ్యూటీ డాక్టరుకి ఫోన్. 10.20, వాంతి. 10.30, డాక్టరు వచ్చారు. 10.40, నొప్పి కొంచెం తగ్గింది. ‘డాక్టరు వచ్చేసరికి పేషెంటుకి వాంతి అయిపోయింది, దీన్ని ఇంగ్లీషులో రాయండమ్మా’ అన్నారు. గదిలో ఇరవై మందిమి ఉంటాం. కాగితాలన్నీ తీసుకుని మూడు రకాల వాక్యాలు బోర్డు మీదకెక్కించారు, ఎవరిది ఏదో చెప్పకుండా.

మొదటిది, ‘వెన్ ద డాక్టర్ కేమ్, షి వామిటెడ్.’ రెండోది, ‘బై ద టైమ్ ద డాక్టర్ హాడ్ కమ్, షి వామిటెడ్.’ మూడోది, ‘బై ద టైమ్ ద డాక్టర్ కేమ్, షి హాడ్ వామిటెడ్.’

మొదటి వాక్యంలో గ్రామర్ తప్పేం లేదన్నారు. కానీ చదివినవాళ్లు డాక్టరు గదిలోకి వచ్చాక ఆయన ముందే వాంతి చేసుకుందనుకుంటారు. అలాగైతే వాంతి ఎలా ఉందో ఆయన చూశాడనీ అనుకుంటారు. నిజానికి ఆయన చూడలేదు, చూసింది నర్సు. రెండో వాక్యంలో ‘హాడ్’ తప్పుచోట పడింది. మూడోది సరైనది.

తర్వాత ఆవిడ బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీశారు, గీత మీద ఒక మేకు బొమ్మ వేశారు. డాక్టరు రావడమే ఆ మేకు. ‘బై ద టైమ్’ పక్కన వచ్చేది ఎప్పుడూ మేకే, దానికి మామూలు పాస్ట్ టెన్స్ చాలు. మేకుకి ఎడమవైపు, అంటే అప్పటికే జరిగిపోయినవి ఏవైతే ఉన్నాయో, వాటికే ‘హాడ్’. కుడివైపున్న దానికి, అంటే నొప్పి తగ్గడానికి, ‘హాడ్’ అక్కర్లేదు. ‘హాడ్’ రెండువైపులా పెడితే మేకు ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ఆ గీత నాకు ఎంత పనికొచ్చిందంటే, ఇప్పటికీ కేస్ నోట్సు చేతిలోకి రాగానే ముందు మార్జిన్లో ఆ గీత గీసుకుంటాను.

ఆ రోజు ఇంకో విషయం బయటపడింది. మా బ్యాచ్‌లో సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక చెల్లెలుంది, ఇక్కడే ప్రైవేటు హాస్పిటల్లో చేస్తోంది. తను ‘అంటిల్ ద డాక్టర్ కేమ్, షి వామిటెడ్’ అని రాసింది. మిగతావాళ్లకు అర్థం కాలేదు. డాక్టరు వచ్చేదాకా వాంతులు చేసుకుంటూనే ఉందా అని అడిగారు. మేడమ్ మాత్రం వెంటనే పట్టుకున్నారు. ‘మీ ఇంట్లో ఎట్లా అంటరమ్మా?’ అని అడిగితే ఆ అమ్మాయి, ‘డాక్టర్ వచ్చేవరకు ఆమెకు వాంతులైనయ్ అంటం మేడమ్’ అంది. తెలంగాణలో చాలాచోట్ల ‘నేను పోయేవరకు బస్సు ఎల్లిపోయింది’ అంటే నేను వెళ్లేసరికి బస్సు వెళ్లిపోయిందని. మా కోస్తాలో ‘వచ్చేవరకు’ అంటే వచ్చేదాకా అనే. ఆ అమ్మాయి తన ఇంటి మాటను ఇంగ్లీషులోకి దించుకుంటే ‘అంటిల్’ వచ్చి కూర్చుంది. ఆమె తెలివిలో లోపం లేదు, ఏ కోచింగులోనూ ఆ మాట ఎక్కణ్నుంచి వస్తోందో చూసినవాళ్లు లేరు, అంతే. మేడమ్ ఆమె పుస్తకంలో ‘మీ వచ్చేవరకు రెండు రకాలు. అయిపోయిందంటే బై ద టైమ్, సాగుతూ ఉందంటే అంటిల్’ అని తెలుగులోనే రాసిచ్చారు. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ చదివేవాళ్లకు ఈ ఒక్క మాట కోసమైనా ఆ క్లాసు దండగ కాదు.

ఆదివారం క్లాసు ముందుకాలం మీద. హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు, అంటే డ్యూటీ దిగుతూ పేషెంట్లను తర్వాతి నర్సుకి అప్పగించేటప్పుడు, మనం ఎలా అంటాం? ‘నువ్వు రౌండు వేసుకుని వచ్చేసరికి సెలైన్ అయిపోతుంది, చూసుకో’ అంటాం. దీన్ని ఇంగ్లీషులో పెట్టమంటే క్లాసులో చాలామంది ‘బై ద టైమ్ యు విల్ కమ్ బ్యాక్’ అని మొదలుపెట్టారు. జరగబోయేది కాబట్టి ‘విల్’ ఉండాలని మనసు చెబుతుంది. మేడమ్ చెప్పింది వినండి: ‘తెలుగులో వచ్చేసరికి అనే మాటలో కాలం ఏదమ్మా? నిన్నటికీ అదే, రేపటికీ అదే. నిన్న డాక్టరు వచ్చేసరికి బీపీ పడిపోయింది. రేపు డాక్టరు వచ్చేసరికి బీపీ చూసి ఉంచాలి. మాట మారలేదు కదా. కాలం అంతా చివరి క్రియలో ఉంది. ఇంగ్లీషులోనూ ముందుకాలం చెప్పే భారం రెండో ముక్కదే.’ అంటే ‘బై ద టైమ్ యు కమ్ బ్యాక్, ద సెలైన్ విల్ హావ్ ఫినిష్డ్.’ మొదటి ముక్కలో ‘కమ్’ చాలు, ‘విల్’ రెండో ముక్కలోకి వెళుతుంది. మామూలు మాటల్లో ‘విల్ బి ఓవర్’ అన్నా తప్పు కాదన్నారు.

మన తెలుగు మనకు అడ్డం అని చిన్నప్పటి నుంచీ విని విని ఉన్నాం. తెలుగులో ఆలోచించకండి, ఇంగ్లీషులోనే ఆలోచించండి అని ప్రతి స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో గోడ మీద రాసి ఉంటుంది. ఈవిడ దానికి పూర్తిగా ఎదురు. ‘వచ్చేసరికి’ని గట్టిగా పట్టుకుంటే ‘బై ద టైమ్’ సగం వచ్చేసినట్టేనని నిరూపించారు. నాకు ఆ క్లాసులో అన్నిటికంటే నచ్చింది ఇదే. తెలుగు మీడియంలో చదివి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లు మా బ్యాచ్‌లో సగం పైనే. వాళ్లు తలెత్తుకుని కూర్చున్న ఇంగ్లీషు క్లాసు నేను ఇదొక్కటే చూశాను.

‘హాడ్’ ఎప్పుడు అక్కర్లేదో కూడా చెప్పారు, దీన్ని ఎక్కడా సరిగా చెప్పరు. మా బ్యాచ్‌లో ఒకావిడ అంతకుముందు వేరే ఊళ్లో పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో చదివొచ్చింది. అక్కడ ‘బై ద టైమ్ కనిపిస్తే హాడ్ ప్లస్ వీ త్రీ (క్రియ మూడో రూపం)’ అని సూత్రం బట్టీ పట్టించారట. ఆవిడ ‘బై ద టైమ్ షి వాజ్ బ్రాట్ టు ద హాస్పిటల్, షి హాడ్ బీన్ అన్‌కాన్షస్’ అని రాసింది. మేడమ్ అడిగారు, ‘తీసుకొచ్చేసరికి స్పృహలో ఉందా లేదా?’ లేదు. అప్పుడు ‘షి వాజ్ అన్‌కాన్షస్’ చాలు. అది జరిగిపోయిన పని కాదు, ఆ క్షణంలో ఉన్న స్థితి. ‘హాడ్ బీన్’ అని ఆపేస్తే ముందెప్పుడో స్పృహ లేదు, ఇప్పుడు వచ్చిందేమో అన్న అనుమానం కలుగుతుంది. అదే ‘షి హాడ్ బీన్ అన్‌కాన్షస్ ఫర్ ట్వెంటీ మినిట్స్’ అంటే సరిపోతుంది, అప్పటికి ఇరవై నిమిషాలుగా స్పృహ లేదని. ఎంతసేపటి నుంచో చెబితేనే ఆ ‘హాడ్ బీన్’కి పని ఉంటుంది. సూత్రం నేర్చుకున్నవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు. ఎమర్జెన్సీ డాక్టరుకు మాత్రం ఈ తేడానే కావాలి.

ఇలాంటి చోట ప్రాణాల లెక్క కూడా ఉంటుందని స్ట్రోకు కేసు తీసుకుని చూపించారు. రక్తపు గడ్డ వల్ల వచ్చిన స్ట్రోకుకి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పేషెంటు రాత్రి 10 గంటలకు బాగానే ఉండి పడుకున్నాడు, పొద్దున 6కి లేచేసరికి కుడిచేయి పనిచేయడం లేదు. లెక్క 6 నుంచి మొదలు కాదు, బాగున్నట్టు చివరిసారి చూసిన 10 గంటల నుంచి. అందుకే ‘ద వీక్‌నెస్ స్టార్టెడ్ ఎట్ సిక్స్’ అని రాయడం ప్రమాదం. ‘బై ద టైమ్ హి వోక్ అప్ ఎట్ సిక్స్, ద వీక్‌నెస్ హాడ్ ఆల్రెడీ సెట్ ఇన్, హి వాజ్ లాస్ట్ సీన్ వెల్ ఎట్ టెన్’ అని రాయించారు. నేను ఐసీయూలో చేస్తాను కాబట్టి ఆ వాక్యం చదవగానే ఒళ్లు జలదరించింది. పొద్దున 6 నుంచి లెక్కేసుకుంటే ఇంకా టైముందని ఇంజెక్షన్ ఇచ్చేయడానికి తొందరపడతారు. ఆ తొందరలో ఇవ్వకూడని పేషెంటుకి ఇంజెక్షన్ పడితే మెదడులో రక్తస్రావం కావచ్చు.

‘బై’, ‘అంటిల్’ తేడాకి ఆవిడ వాడిన ఉదాహరణ డ్రెస్సింగ్. ‘చేంజ్ ద డ్రెస్సింగ్ బై ఫ్రైడే’ అంటే శుక్రవారం కల్లా మార్చేయాలి, బుధవారం మార్చినా ఫర్వాలేదు. ‘లీవ్ ద డ్రెస్సింగ్ అంటిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా ముట్టుకోకూడదు. ఒకటి కల్లా, ఒకటి దాకా. ఇది అందరికీ వెంటనే ఎక్కింది. ఎక్కువసేపు పట్టలేదు కాబట్టి నేనూ ఎక్కువ రాయను.

ఇంకో చిన్న విషయం, ‘బై ద టైమ్’ని ఒంటరిగా వదిలేయడం. ‘వి కాల్డ్ ద ఫ్యామిలీ. బై ద టైమ్, హి వాజ్ స్టేబుల్’ అని రాసేస్తాం మనం, ‘అప్పటికి’ అనే అర్థంలో. అలా కుదరదు. ‘బై ద టైమ్’ వెనక ఒక పని తప్పకుండా రావాలి, బై ద టైమ్ దే అరైవ్డ్ అనో ఇంకోటో. ఉత్తి ‘అప్పటికి’ కావాలంటే ‘బై దెన్’, లేదంటే ‘బై దట్ టైమ్’. ‘బై ద టైమ్ వెన్’ అని కూడా రాయకూడదు, ఆ ‘వెన్’ దండగ. ‘ఐదేళ్ల నుంచి షుగరు’ని ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని రాసే అలవాటును కూడా అదే ఊపులో దులిపేశారు. ఎప్పటి నుంచో చెబితే ‘సిన్స్ 2019’, ఎంతకాలంగానో చెబితే ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’. మన ‘నుంచి’ రెండింటికీ పనిచేస్తుంది కాబట్టి ఇది అంత తేలిగ్గా వదలదు. నా పక్కనున్నావిడ డిశ్చార్జి ఉత్తరాల్లో ఆఖరి వారం వరకూ అది కనిపిస్తూనే ఉంది.

క్లాసులో చెప్పడం ఒక ఎత్తు, ఉత్తరాలు దిద్దడం ఒక ఎత్తు. వారానికి రెండు ఉత్తరాలు రాసుకురావాలి. మేడమ్ ఆకుపచ్చ పెన్నుతో దిద్ది ఇస్తారు. ఓఈటీ రైటింగ్‌లో ఉద్దేశానికి 3 మార్కులు, విషయం, క్లుప్తత, ఉత్తరం తీరు, అమరిక, భాష అనే ఐదింటికి ఏడేసి మార్కులు. ఆ ఆరింటికీ విడివిడిగా మార్కులు వేసి ఇస్తారు. ఎక్కడ పోతోందో మనకే కనపడుతుంది. ‘గుడ్’, ‘ఇంప్రూవ్’ అని రాసి వదిలేయడం ఆవిడ పద్ధతి కాదు. టైము తారుమారైన చోట తప్పు కొట్టేయకుండా పక్కన చిన్న గీత గీసి మేకు వేస్తారు. మనమే దిద్దుకోవాలి. ఉత్తరాలు చేతికొచ్చేది మాత్రం ఒక్కోసారి ఆలస్యం. ఒక్క మనిషి ఇరవై మందివి దిద్దాలి కాబట్టి పరీక్ష దగ్గరపడ్డవాళ్లు ముందే చెప్పుకోవడం మంచిది.

ఈ క్లాసు నా డ్యూటీలోకి కూడా వచ్చేసింది. రాత్రి కన్సల్టెంటుకి ఫోన్ చేసినప్పుడు పరిస్థితి, వెనకటి కథ, మనం చూసింది, మనం అడిగేది అనే వరసలో చెప్పమని ఎస్‌బార్ పద్ధతి మనందరికీ నేర్పించారు. అమెరికా నౌకాదళం సబ్‌మెరైన్లలో పుట్టి కైజర్ పర్మనెంటే అనే అమెరికా ఆరోగ్య సంస్థ ద్వారా ఆసుపత్రుల్లోకి వచ్చిన పద్ధతి అది. అందులో ‘వెనకటి కథ’ దగ్గరే అందరం తడబడతాం. మొన్నొక రాత్రి ‘సర్, బై ద టైమ్ ఐ రీచ్డ్ ద బెడ్, సాచురేషన్ హాడ్ డ్రాప్డ్ టు 84, ఆక్సిజన్ స్టార్ట్ చేశాక 92’ అని చెప్పాను. ఎప్పుడు పడింది, ఎవరు చూశారు, అప్పుడు ఆక్సిజన్ ఉందా లేదా అని ఆయన ఎదురు ప్రశ్నలు వేయలేదు. నేరుగా ఏం మందు ఇవ్వాలో చెప్పారు. సగం ఇంగ్లీషు, సగం తెలుగే అయినా వరస సరిగా ఉంది కాబట్టి పని జరిగిపోయింది.

ఇక లోపాలు. స్పీకింగ్ బాగా పల్చన. ఓఈటీలో ఒక్కొక్కటి ఐదు నిమిషాల చొప్పున రెండు రోల్ ప్లేలు ఉంటాయి, ఒకరు నర్సుగా, పరీక్ష పెట్టేవాళ్లు పేషెంటుగా. ఇరవై మందితో అందరికీ సాధన చేయించడానికి అక్కడ టైము చాలదు. మనకు వంతు వచ్చేది అరుదు. మేడమ్ తానే పేషెంటుగా నటిస్తారు, అది అద్భుతంగా ఉంటుంది, కానీ చాలదు. లిజనింగ్ ఇంకా పల్చన. ఫోన్ స్పీకర్లో వినిపిస్తారు, వెనక బెంచీలకు సగం వినపడదు, బ్రిటిష్, ఆస్ట్రేలియా యాసలు అలవాటు కావాలంటే ఇంట్లో మీరే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. జిరాక్సు కాగితాలు కొన్ని మసకగా ఉంటాయి. వేసవిలో ఆ పైగది కాలిపోతుంది, ఫ్యాన్లు రెండే. క్లాసు రికార్డింగులు ఇవ్వరు, నైట్ డ్యూటీ పడి మానేస్తే ఆ పాఠం పోయినట్టే. మేడమ్ తర్వాతి బ్యాచ్‌లో ఆ ఒక్క క్లాసుకి ఉచితంగా కూర్చోనిస్తారు గానీ, అందరికీ అంతవరకు ఆగే వీలుండదు.

పెద్ద ఊళ్లలో ఇన్‌స్టిట్యూట్‌లతో పోల్చమని అడిగేవాళ్లుంటారు. నేనొక దాంట్లో కొన్నాళ్లు చేరి మానేశాను, పేరు అనవసరం. 18,000 తీసుకున్నారు. ఏసీ గది, ల్యాప్‌టాపులు, టీ కూడా ఇచ్చారు. నమూనా ఉత్తరాల కట్ట చేతిలో పెట్టి వాక్యాలు కంఠస్థం చేయమన్నారు. పరీక్షలో కేస్ నోట్సు మారగానే ఆ వాక్యాలు ఎక్కడా అతకవు. ఎందుకు అతకవో చెప్పేవాళ్లు అక్కడ లేరు. వాళ్ల స్పీకింగ్ ల్యాబ్ మాత్రం నిజంగా బాగుంది. కాబట్టి డబ్బు, టైము రెండూ ఉన్నవాళ్లు రైటింగ్‌కి బ్రాడీపేటలో చేరి, స్పీకింగ్‌కి వేరే ఏర్పాటు చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఎవరికి పనికిరాదంటే, టెన్సులు అసలే రానివాళ్లకు. ‘గో, వెంట్, గాన్’ దగ్గర తడబడేవాళ్లు ముందు ఒక నెల ఇంటి దగ్గర అవి కూర్చుని చదువుకుని వెళ్లండి. మేడమ్ విసుక్కోరు, కానీ క్లాసు ఆగదు. ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు మామూలుగా రాసే ఇంగ్లీషు పరీక్ష) రాసేవాళ్లకు కూడా ఇది సరిపోదు. అక్కడ ఉదాహరణలన్నీ వార్డువే, వ్యాసాలు రాయించరు. పెళ్లై పిల్లలున్నవాళ్లు భయపడక్కర్లేదు. మా బ్యాచ్‌లో ఇద్దరు అక్కలు పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు, కింద మేడమ్ వాళ్ల అత్తగారు చూసుకునేవారు.

ఫోన్ నంబరు ఇక్కడ పెట్టొద్దని మేడమ్ చెప్పారు. గుంటూరులో ఓఈటీ పాసైన నర్సుల్ని ఎవరిని అడిగినా ఇల్లు చెబుతారు. చేరేముందు ఒక క్లాసు ఊరికే కూర్చుని వినొచ్చు, డబ్బు అడగరు. వెళ్లేటప్పుడు మీ డ్యూటీ రోస్టరు తీసుకెళ్లండి. ఏ బ్యాచ్‌లో అయితే మీకు ‘బై ద టైమ్’ క్లాసులు రెండూ తప్పకుండా దొరుకుతాయో చూసి చెబుతారు.